ఐదు పేర్లు పట్టని కాగితం

1964 జూన్‌లో ఇంగ్లండ్‌లో కొలంబియా లేబుల్ మీద ఒక రికార్డు వచ్చింది. పాట పేరు 'హౌస్ ఆఫ్ ద రైజింగ్ సన్'. పాడింది న్యూకాజిల్ కుర్రాళ్ళ బృందం, 'ది యానిమల్స్'. రికార్డు మధ్యలో అతికించే గుండ్రటి కాగితం మీద పాట పేరు కింద, రచయిత పేరు ఉండాల్సిన చోట, మూడే మూడు ముక్కలున్నాయి: సంప్రదాయ గీతం, అరేంజ్‌మెంట్, ప్రైస్. ఆ ప్రైస్ అంటే బృందంలో ఆర్గన్ వాయించిన అలన్ ప్రైస్. మిగతా నలుగురి పేర్లు లేవు. ఎందుకు లేవంటే, కాగితం మీద చోటు చాలలేదట.

ఈ మాట గాయకుడు ఎరిక్ బర్డన్ దశాబ్దాలుగా చెబుతూనే ఉన్నాడు. అయిదు పేర్లూ పట్టవు, ఒక్క పేరే వేద్దాం అన్నారట. అక్షరక్రమంలో అలన్ ముందొస్తాడు కాబట్టి అతనిది వేశారట. మన పద్ధతిలో ఇంటిపేరు ముందు రాసుకునే అలవాటుంటే బర్డన్‌ పేరే మొదటొచ్చేది! నవ్వులాటగా అన్నా, ఇందులో పోయింది చిన్న మొత్తం కాదు. పాట బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ మొదటి స్థానానికి వెళ్ళింది. ఆరు దశాబ్దాలుగా రేడియోల్లో, సినిమాల్లో, ప్రకటనల్లో మోగుతూనే ఉంది. మోగినప్పుడల్లా రచయిత వాటాగా వచ్చే డబ్బు ఆ కాగితం మీదున్న పేరుకే పోతుంది.

ఇక్కడ ఆ మూడు ముక్కల లెక్క కాస్త చెప్పుకోవాలి, లేకపోతే మిగతా కథ అర్థం కాదు. ఎవరు కట్టారో తెలియని జానపద గీతం ఎవరి సొత్తూ కాదు. దానికి కాపీరైటు లేదు. కానీ దాన్ని ఎవరైనా తమదైన పద్ధతిలో అమర్చి పాడితే, ఆ అమరికకి కాపీరైటు ఉంటుంది. సొంత పాట రాసినవాడికి వచ్చే రాయల్టీ లాంటిదే అమర్చినవాడికీ వస్తుంది. అంటే 'సంప్రదాయ గీతం' అన్న మాట ఒక తలుపు మూస్తుంది, 'అరేంజ్‌మెంట్' అన్న మాట ఇంకో తలుపు తీస్తుంది. ఈ రెండు తలుపుల మధ్య నిలబడి ఎవరెవరు బయట ఉండిపోయారో చూడాలనే ఈ వ్యాసం.

నేను ఈ పాట మొదట విన్నది రేడియోలో కాదు, క్యాసెట్‌లోనూ కాదు. మా ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో ఒక సీనియర్ గదిలోంచి, ఆయన కొత్తగా కొన్న గిటార్ మీద, తప్పుల తడకగా. గిటార్ పట్టిన ప్రతి ఒక్కరూ ఈ పాటతోనే మొదలెట్టేవారు. ఏ మైనర్, సి, డి, ఎఫ్. ఎఫ్ దగ్గరకొచ్చేసరికి చూపుడువేలు తీగలన్నిటి మీదా అదిమి పట్టలేక పాట ఆగిపోయేది. మళ్ళీ మొదటికి. నెలరోజుల పాటు ఆ కారిడార్లో మేం విన్నది నాలుగు కార్డులూ ఒక నిట్టూర్పూ. తర్వాతెప్పుడో అసలు రికార్డు విన్నప్పుడు, ఓహో, ఎఫ్ తర్వాత కూడా పాట ఉందన్నమాట అనిపించింది.

మేం కష్టపడి నేర్చుకున్నది ఎవరి పని? కార్డుని ఒక్కసారిగా మీటకుండా, తీగ తర్వాత తీగని విడివిడిగా, కింది నుంచి పైకీ పై నుంచి కిందకీ దొర్లించే ఆ వాయింపు యానిమల్స్ గిటారిస్టు హిల్టన్ వాలంటైన్‌ది. ప్రపంచంలో లక్షలమంది వేళ్ళు ఆ వరస మీదే గిటార్ నేర్చుకున్నాయి. ఆరు దెబ్బల ఆ ఊపు మన చెవికి కొత్తేం కాదు, తిశ్ర నడకలో సాగే మన లాలిపాటలు విన్నవాళ్ళెవరికైనా వెంటనే పట్టుబడుతుంది. పాట మొదటి క్షణాల్లోనే ఇది ఏ పాటో చెప్పేది ఆ గిటారే. ఆర్గన్ తర్వాత వస్తుంది. వచ్చాక ఊపేస్తుంది, అది కూడా ఒప్పుకోవాలి. ప్రైస్ తన వాక్స్ కాంటినెంటల్ మీద వాయించిన ఆ మధ్యభాగం లేకపోతే పాట సగమే. కానీ సగం వేరు, మొత్తం వేరు. అమరిక అంటూ ఉంటే అది అయిదుగురిది. వాలంటైన్ 2021 జనవరిలో చనిపోయాడు. ఆ రోజు వచ్చిన నివాళులన్నీ ఆ గిటార్ వరస గురించే. లేబుల్ మీద మాత్రం అతని పేరు ఎన్నడూ ఎక్కలేదు.

రికార్డింగు సంగతి చూస్తే మరీ ఆశ్చర్యంగా ఉంటుంది. వాళ్ళు చక్ బెరీ బృందంతో ఇంగ్లండ్ అంతా తిరుగుతూ కచేరీలు చేస్తున్నారు. అదే వేదిక మీద చక్ బెరీలా రాక్ అండ్ రోల్ వాయించి అతన్ని మించడం అయ్యేపని కాదని, జనానికి గుర్తుండేలా ఒక నెమ్మది పాటతో ముగించాలనుకున్నారు. అలా ఈ పాట కుదిరింది. రోజూ వేదిక మీద పాడి పాడి నలిగింది. 1964 మే 18న, రెండు కచేరీల మధ్య దొరికిన ఖాళీలో, లండన్ స్టూడియోలోకి వెళ్ళి ఒక్క టేక్‌లో పూర్తి చేశారు. నిర్మాత మికీ మోస్ట్ కూడా, అంతా కలిపి పావుగంట పని, అందులో తన గొప్పేమీ లేదని తర్వాత చెప్పుకున్నాడు. పాట నిడివి నాలుగున్నర నిమిషాలు. ఆ రోజుల్లో రేడియోకి మూడు నిమిషాలు దాటితే చాలా ఎక్కువ. ఇంగ్లండ్‌లో మొత్తం పాటనే విడుదల చేశారు, అమెరికాలో కోసి మూడు నిమిషాల లోపుకి తెచ్చారు. కోసినా సెప్టెంబర్లో మూడు వారాలు అక్కడ మొదటి స్థానంలో ఉంది.

మరుసటి ఏడాదే ప్రైస్ బృందం వదిలేశాడు. ఇంకో ఏడాదికి అసలు బృందమే చెదిరిపోయింది. బేస్ వాయించిన చాస్ చాండ్లర్ వాయిద్యం పక్కనపెట్టి, న్యూయార్క్‌లో ఎవరికీ తెలియని ఒక గిటారిస్టుని పట్టుకుని లండన్ తీసుకొచ్చాడు. ఆ గిటారిస్టు పేరు జిమీ హెండ్రిక్స్, కాబట్టి చాండ్లర్ గురించి మనం జాలిపడక్కర్లేదు. 'ది యానిమల్స్' అన్న పేరు ఎవరిదన్న దాని మీద కూడా బర్డన్‌కీ, డ్రమ్మర్ జాన్ స్టీల్‌కీ తగాదా నడిచి, 2013లో బర్డన్ వైపు తేలింది. అది వేరే కథ.

అసలు ఈ పాట వాళ్ళకి ఎక్కణ్ణుంచి వచ్చింది? ఇక్కడ కూడా ఒకే మాట లేదు. న్యూకాజిల్‌లో జానీ హ్యాండిల్ అనే జానపద గాయకుడు పాడగా విన్నానని బర్డన్ అంటాడు. బాబ్ డిలన్ మొదటి ఆల్బమ్ నుంచి తీసుకున్నామని మిగతావాళ్ళు. కార్డుల వరస చూస్తే నాకు రెండోదే ఎక్కువ నమ్మబుద్ధేస్తుంది. డిలన్ ఆల్బమ్ వచ్చింది 1962 మార్చిలో, రికార్డు చేసింది అంతకు ముందటి నవంబర్లో. అందులో ఈ పాట ఉంది. ఆ వరస మాత్రం డిలన్‌ది కాదు, డేవ్ వాన్ రాంక్‌ది.

వాన్ రాంక్ న్యూయార్క్ గ్రీనిచ్ విలేజ్‌లో ఆ తరం గాయకులకి అన్నలాంటివాడు. పాత పాటకి కార్డులు మార్చి, బేస్ స్వరం అర స్వరం అర స్వరం చొప్పున కిందకి దిగేలా కట్టాడు. డిలన్ కొంతకాలం అతని ఇంట్లో సోఫా మీద పడుకున్న కుర్రాడే. ఒకరోజు వచ్చి, నీ పద్ధతిలో ఆ పాట రికార్డు చేసుకోవచ్చా అని అడిగాడట. కొన్ని వారాల్లో నేనే చేద్దామనుకుంటున్నా, కాస్త ఆగలేవా అన్నాడట వాన్ రాంక్. డిలన్ మొహం చూస్తే సంగతి అర్థమయింది. రికార్డింగు అప్పటికే అయిపోయింది. మార్టిన్ స్కోర్సేసీ తీసిన 'నో డైరెక్షన్ హోమ్'లో వాన్ రాంక్ దీన్ని నవ్వుతూ చెబుతాడు. డిలన్ ఆల్బమ్ వచ్చాక తను ఆ పాట పాడితే, డిలన్‌ది కొట్టేశావేంటని జనం అడగడం మొదలెట్టారట. దాంతో పాడటం మానేశాడు. కొన్నాళ్ళకి యానిమల్స్ రికార్డు వచ్చింది. అప్పుడు డిలన్ పాడితే, యానిమల్స్‌ది కొట్టేశావేంటని అడిగారట. దాంతో డిలన్ మానేశాడు! డిలన్‌కి న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆల్బమ్ వెనక అట్ట మీద రాసిన పరిచయంలో, ఈ పాట వాన్ రాంక్ దగ్గర నేర్చుకున్నదేనని ఉంది. దొంగతనమైతే అట్ట మీద వేసుకోరు. అనుమతి విషయం మాత్రం వేరు.

యానిమల్స్ రికార్డు కారు రేడియోలో విని డిలన్ ఎగిరి గంతేశాడని, 1965లో న్యూపోర్ట్ వేదిక మీద ఎలక్ట్రిక్ గిటార్ పట్టడానికి ఇది ఒక కారణమని జాన్ స్టీల్ చెప్పుకుంటాడు. నిజమే కావచ్చు. అయితే అది ఒక వైపు మాట.

ఇప్పటిదాకా చెప్పిన తగాదాలన్నీ పేరున్నవాళ్ళ మధ్యవి. వాళ్ళ వెనక ఇంకో పేరుంది.

1937 సెప్టెంబర్ 15. కెంటకీ రాష్ట్రంలో మిడిల్స్‌బరో అనే బొగ్గుగనుల ఊరు. అమెరికా కాంగ్రెస్ లైబ్రరీ తరఫున జానపద గీతాలు సేకరిస్తూ అలన్ లోమాక్స్ అక్కడికొచ్చాడు. వయసు 22. కారులో నేరుగా డిస్కు మీద శబ్దాన్ని చెక్కే బరువైన యంత్రం. ఆ రోజు అతని ముందు పాడినవాళ్ళలో ఒక గని కార్మికుడి కూతురుంది. పేరు జార్జియా టర్నర్, పదహారేళ్ళు. వాయిద్యం లేదు. ఒట్టి గొంతుతో పాడింది. ఆ పాటని లోమాక్స్ 'రైజింగ్ సన్ బ్లూస్' అని రాసుకున్నాడు.

లోమాక్స్, అతని తండ్రి జాన్ లోమాక్స్ కలిసి 1941లో 'అవర్ సింగింగ్ కంట్రీ' అనే పుస్తకం వేశారు. స్వరాలు రాసింది రూత్ క్రాఫర్డ్ సీగర్. జార్జియా పాట అందులో ఉంది, ఆమె పేరుతో సహా. కొన్ని చరణాలు కెంటకీలోనే బర్ట్ మార్టిన్ అనే అతను పాడినవి కలిపామని కూడా రాశారు. పట్నం గాయకుల చేతికి పాట చేరడానికి ఈ పుస్తకం పెద్ద దారి అయింది. వుడీ గత్రీ, లెడ్‌బెల్లీ, జోష్ వైట్, జోన్ బాయెజ్, నీనా సిమోన్. ఎవరి దారిలో వాళ్ళు పాడారు, ఒకరి దగ్గర ఒకరు విన్నారు. వాన్ రాంక్‌కి చేరింది, డిలన్‌కి చేరింది, అట్లాంటిక్ దాటి న్యూకాజిల్‌కి చేరింది. అదీ బొగ్గు ఊరే. ఇంకో వింత ఏంటంటే, కెంటకీలో జార్జియా పాడిన మిడిల్స్‌బరోకి ఆ పేరు పెట్టింది పందొమ్మిదో శతాబ్దం చివర్లో బ్రిటిష్ పెట్టుబడితో వచ్చినవాళ్ళు. ఇంగ్లండ్‌లో న్యూకాజిల్‌కి దగ్గర్లోనే ఉన్న మిడిల్స్‌బ్రో పేరే అది.

జార్జియా పెళ్ళి చేసుకుని, పిల్లల్ని కని, మిషిగన్ వైపు వెళ్ళిపోయింది. ఊపిరితిత్తుల జబ్బుతో 1969లో, యాభై నిండకుండానే చనిపోయింది. అప్పటికి యానిమల్స్ రికార్డు వచ్చి అయిదేళ్ళు. ఈ పాట వెనక పడి దేశమంతా తిరిగిన టెడ్ ఆంథొనీ అనే పాత్రికేయుడు 2007లో 'చేజింగ్ ద రైజింగ్ సన్' అనే పుస్తకం రాశాడు. జార్జియా కుటుంబాన్ని వెతికి పట్టుకుని మాట్లాడింది అతనే. ఆమెకి రాయల్టీ అంటూ కొంత ముట్టింది, కానీ చాలా ఆలస్యంగా, చాలా చిన్న మొత్తం.

ఇక్కడ తొందరపడి లోమాక్స్‌ని విలన్ని చేయడం నాకు ఇష్టం లేదు. అతను పేరు రాశాడు. పేరు రాయకపోతే టెడ్ ఆంథొనీ వెతకడానికి ఏమీ మిగిలేది కాదు. సేకర్తలందరూ అంత శ్రద్ధ చూపలేదు. మన దగ్గర కూడా జానపద గేయ సంకలనాలు తిరగేస్తే ప్రాంతం పేరు దొరుకుతుంది, సందర్భం దొరుకుతుంది, కులం పేరు కూడా దొరుకుతుంది, పాడినామె పేరు మాత్రం దొరకడం కష్టం. బిరుదురాజు రామరాజు లాంటివారు ఊరూరా తిరిగి కాపాడకపోతే ఆ పాటలే ఉండేవి కాదు, అది వేరే మాట. ఆ పాట సినిమాకెక్కాక చర్చ ఎలా నడుస్తుందో 'సారంగ దరియా' విషయంలో 2021లో చూశాం. కట్టిందెవరో తెలియదు, కాబట్టి అందరిదీ అంటాం. అందరిదీ కాబట్టి ఎవరో ఒకరి పేరు మీద రాసేస్తాం. మన 1957 కాపీరైటు చట్టంలో పాడేవారికంటూ ఒక హక్కు చేరిందే 1994 సవరణతో. దానికి ముందు టేపు రికార్డరు ముందు కూర్చుని పాడిన ముసలమ్మకి చట్టం దృష్టిలో ఏ హక్కూ లేదు.

అయితే జార్జియానే 'అసలు' రచయిత అనుకుంటే అదీ నిలవదు. 1925లోనే రాబర్ట్ గోర్డన్ అనే సేకర్త 'అడ్వెంచర్' పత్రికలో తన శీర్షికలో ఈ పాట మాటలు అచ్చువేశాడు. దొరుకుతున్న వాటిలో అన్నిటికన్నా పాత రికార్డు 1933 సెప్టెంబర్లో క్లారెన్స్ యాష్లీ, గ్వెన్ ఫాస్టర్ ఇచ్చింది. మా తాత దగ్గర నేర్చుకున్నానన్నాడు యాష్లీ. ఆ తాత ఎవరి దగ్గర నేర్చుకున్నాడో! ఇంగ్లండ్ నుంచి వలస వచ్చిన పాత బాలడ్ వరస ఇందులో ఉందని లోమాక్స్ ఊహ. న్యూ ఆర్లియన్స్‌లో ఆ 'ఇల్లు' ఏదన్న దాని మీద కూడా బోలెడు ఊహలు. సానికొంప అని ఎక్కువమంది, ఆడవాళ్ళ జైలు అని కొందరు. కాంటీ స్ట్రీట్‌లో రైజింగ్ సన్ అనే హోటల్ ఒకటి 1822లో తగలబడింది. 2005 ప్రాంతంలో ఆ చోట తవ్వితే సారా సీసాలూ, ముఖానికి పూసుకునే రంగుల చిన్న కుండలూ దొరికాయి. పత్రికలు సంబరపడ్డాయి. రంగుకుండలు దొరికినంత మాత్రాన ఏం తేలుతుంది? ఏ ఇంట్లోనైనా ఉంటాయి.

నాకు ఇల్లు ఎక్కడున్నదీ ముఖ్యం కాదు. ఆ ఇంట్లో ఎవరున్నారన్నది ముఖ్యం. జార్జియా పాటలో ఉన్నది ఒక అమ్మాయి. తల్లి బట్టలు కుడుతుంది. ప్రియుడు తాగుబోతు. ఆ ఇంట్లో తన బతుకు ఎలా పాడయిందో చెబుతూ, మళ్ళీ అక్కడికే వెళ్ళిపోతోంది. డిలన్ మగవాడైనా ఆ అమ్మాయి గొంతుతోనే పాడాడు, ప్రియుణ్ణి మాత్రం జూదరిని చేశాడు. యానిమల్స్ దగ్గరకొచ్చేసరికి అమ్మాయి స్థానంలో అబ్బాయి నిలబడ్డాడు. జూదం ప్రియుడి నుంచి తండ్రికి మారింది. తల్లి కుట్టు మిషను మాత్రం అలాగే ఉంది.

రేడియో కోసం పాటని శుభ్రం చేశారు, ఆడదాని కథని తీసేశారు అని దీని మీద తరచూ విమర్శ వినిపిస్తుంది. నేనూ చాలాకాలం అలాగే వాదించేవాళ్ళ పక్షం. కానీ 1933 యాష్లీ రికార్డులోనే చెడిపోయినవాడు మగవాడు. అంటే ఈ పాట మొదట్నుంచీ రెండు గొంతులతో తిరిగింది. మగ గొంతులో అది దారి తప్పిన తిరుగుబోతు పశ్చాత్తాపం, ఆడ గొంతులో అది పారిపోలేని ఇంటి లెక్క. మగవాడు ఆ ఇంటికి వెళ్ళాడు. ఆమె ఆ ఇంట్లో ఉంది. ఈ తేడా ముందు వరస మార్పులూ కార్డుల మార్పులూ నాకు చిన్నవిగా కనిపిస్తాయి. డాలీ పార్టన్ 1980లో రికార్డు చేసిన ఆల్బమ్‌లో ఈ పాటని మళ్ళీ ఆడమనిషికి ఇచ్చింది. అది సానికొంప అన్న సంగతి దాచకుండా పాడింది. సంగీతం నాకు అంతగా నచ్చలేదు, ఆ కాలపు హంగులు ఎక్కువ. మాట మాత్రం సూటిగా ఉంది.

జార్జియా టర్నర్ పాడిన డిస్కు పోలేదు. లైబ్రరీ భద్రపరిచింది, ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఎవరైనా వినొచ్చు. గరగర మధ్య సన్నటి గొంతు. దుఃఖాన్ని నటించదు. ఇంటి పని చేసుకుంటూ పాడుకున్నట్టు, ఎక్కడా ఆగకుండా, ఎక్కడా పెంచకుండా పాడుకుంటూ పోతుంది. బర్డన్ అరుపు అలవాటైన చెవికి మొదట చప్పగా ఉంటుంది. నాకు మూడోసారి విన్నాక పట్టింది. అప్పుడు రెండు రికార్డులూ పక్కపక్కన పెట్టి హెచ్చరిక చేసే చరణం దగ్గర ఆపి విన్నాను. యానిమల్స్ పాటలో అతను లోకంలోని తల్లులందరికీ చెబుతాడు, మీ పిల్లల్ని ఇలా కానివ్వకండని. జార్జియా పాటలో ఆ మాట ఒక్క మనిషికే, ఇంట్లో ఉన్న చెల్లెలికి.